బడిలో ఫెన్సింగ్ నేర్చుకోవడం: విద్యార్థులకు, తల్లిదండ్రులకు కొన్ని వివరాలు

బడులు తెరిచిన కొత్తలో ఏ ఆటలో చేరతారో చెప్పమని పిల్లలను అడగడం ఇప్పుడు చాలా చోట్ల మామూలయింది. ఖోఖో, వాలీబాల్, క్రికెట్, చదరంగం మనకు తెలిసినవే. ఆ జాబితాలో "ఫెన్సింగ్" అన్న మాట కనిపిస్తే మాత్రం ఇంట్లో పెద్దలు తటపటాయిస్తారు. కత్తులతో ఆటేమిటి, దెబ్బలు తగలవా, ఖర్చు ఎంతవుతుంది, ఆడపిల్లను పంపవచ్చా, చదువు సంగతేమిటి అని అడుగుతారు. ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. జవాబు తెలియక మంచి అవకాశాన్ని వదులుకోకూడదు. జవాబు తెలుసుకోకుండా అప్పు చేసి దిగనూ కూడదు.

ముందుగా ఒక ముఖ్య విషయం. ఈ ఆటలో మొదటి సంవత్సరం ఖర్చు తక్కువ. పోటీలకు వెళ్లడం మొదలైన తరువాతే అసలు ఖర్చు వస్తుంది. ఈ సంగతి తెలిసిన కుటుంబం తొందరపడి వస్తువులు కొనదు, భయపడి పిల్లను ఆపదు. ఆటంటే ఏమిటో చూసి, ఖర్చు ఎప్పుడు వస్తుందో లెక్కవేసుకుని, ఆ సమయానికి సహాయం అడగడానికి సిద్ధంగా ఉంటుంది.

మన సాముకూ దీనికీ తేడా

ఫెన్సింగ్ అనగానే మనలో చాలామందికి పొలం చుట్టూ వేసే ముళ్లకంచె గుర్తుకు వస్తుంది. నవ్వుకోనక్కరలేదు, రెండు మాటలకూ మూలం ఒక్కటే. డిఫెన్స్, అంటే రక్షణ అన్న మాట నుంచే రెండూ పుట్టాయి. పొలానికి కంచె రక్షణ. ఈ ఆటలో మనిషి తన కత్తితోనే తనకు కంచె కట్టుకుంటాడు.

ఆయుధ విద్యలు మనకు కొత్త కాదు. తెలుగునాట కర్రసాము, కత్తిసాము ఉన్నాయి. కోనసీమలో అమలాపురం చెడీ తాలింఖానాను దసరా రోజుల్లో యానాం వారు చూస్తూనే ఉంటారు. తమిళనాడులో ఉన్నవారికి సిలంబం, కర్ణాటకలో ఉన్నవారికి దొణ్ణెవరసె, ఒడిశాలో ఉన్నవారికి పైకా అఖాడా, మహారాష్ట్రలో ఉన్నవారికి మర్దానీ ఖేల్ పరిచయమే. ఫెన్సింగ్ వీటికి చెందినది కాదు. అది ఐరోపాలో పెరిగిన కత్తి ఆట. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్ నుంచి నేటి వరకు ప్రతి ఒలింపిక్స్‌లోనూ ఉంది. దీని అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్.ఐ.ఇ. 1913లో పారిస్‌లో ఏర్పడింది.

అందుకే ఆటలో న్యాయనిర్ణేత ఆజ్ఞలు ఫ్రెంచి భాషలో ఉంటాయి. "ఆన్ గార్డ్" అంటే నిలబడు, సిద్ధం కమ్ము. "ప్రే" అంటే సిద్ధమేనా అని ప్రశ్న. "అలే" అంటే మొదలుపెట్టు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఇటువంటి మాటలు పెద్దల చెవులకు కొత్తగా ఉండవు. మిగిలిన చోట్ల పిల్లలు వారం రోజుల్లో అలవాటు పడతారు.

మన సాము విద్యల్లో అందం, వేగం, గుంపుగా చేసే ప్రదర్శన ముఖ్యం. ఫెన్సింగ్‌లో ఎప్పుడూ ఇద్దరే తలపడతారు, ఎదుటివారిని తాకితేనే పాయింటు. సిలంబం లేదా కర్రసాము నేర్చిన పిల్లలకు కాళ్ల కదలికలో, చూపులో కొంత తేలిక ఉండవచ్చు. కర్రను తిప్పే అలవాటును మాత్రం ఇక్కడ మానుకోవలసి వస్తుంది.

మూడు రకాల కత్తులు

ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపే, సేబర్ అని మూడు ఆయుధాలు ఉన్నాయి. సాధారణంగా ఒక విద్యార్థి వీటిలో ఒకదానికే కట్టుబడి నేర్చుకుంటాడు.

ఫాయిల్ తేలికైన కత్తి. బరువు 500 గ్రాములకు మించకూడదు. మొనతో పొడిస్తేనే లెక్క, అదీ మొండెం మీద తగిలితేనే. చేతుల మీద, కాళ్ల మీద తగిలినది పాయింటు కాదు.

ఎపే వీటిలో బరువైనది. 770 గ్రాముల వరకు ఉండవచ్చు. ఇందులోనూ మొనతోనే పొడవాలి. అయితే తల నుంచి కాలి వేళ్ల వరకు ఎక్కడ తగిలినా పాయింటే. ఇద్దరూ ఒకే క్షణంలో, అంటే సెకనులో 25వ వంతు లోపల, ఒకరినొకరు తాకితే ఇద్దరికీ చెరొక పాయింటు వస్తుంది.

సేబర్ పూర్వపు గుర్రపు సైనికుల ఖడ్గం నుంచి వచ్చింది. దీని బరువు కూడా 500 గ్రాముల లోపే. మొనతో పొడవవచ్చు, అంచుతో నరకవచ్చు. నడుము పైభాగం, తల, చేతులు గురి. మూడింటిలోనూ ఇదే అన్నిటికన్నా వేగవంతమైన ఆట. కన్ను మూసి తెరిచేలోగా పాయింటు అయిపోతుంది.

నరకడం అన్నామని భయపడవద్దు. ఏ ఆయుధానికీ పదును ఉండదు. మొన మొద్దుగా ఉంటుంది, అలుగు ఒత్తితే వంగుతుంది. ఫాయిల్, ఎపే కత్తుల కొనలో చిన్న మీట ఉంటుంది. ఫాయిల్‌లో 500 గ్రాములు, ఎపేలో 750 గ్రాముల ఒత్తిడి పడితే దీపం వెలుగుతుంది. సేబర్‌లో ఆ మీట ఉండదు. ఎదుటివారి లోహపు జాకెట్టుకు కత్తి తగిలితే చాలు, దీపం వెలుగుతుంది.

ఆట జరిగే తీరు

ఆట స్థలాన్ని పిస్ట్ అంటారు. 14 మీటర్ల పొడవు, ఒకటిన్నర నుంచి 2 మీటర్ల వెడల్పు ఉన్న బాట అది. ఇద్దరూ 4 మీటర్ల దూరంలో ఎదురెదురుగా నిలబడతారు. వెనక్కి జరుగుతూ రెండు కాళ్లూ బాట చివర దాటితే ఎదుటివారికి పాయింటు పోతుంది. కాబట్టి ఎంతసేపూ తప్పించుకుని బతకడం కుదరదు.

మొదటి విడత పోటీలు 5 పాయింట్లకు, 3 నిమిషాల గడువుతో జరుగుతాయి. తరువాతి నాకౌట్ పోటీలు 15 పాయింట్లకు.

చూసేవారికి అర్థం కాని విషయం ఒకటి ఉంది. ఫాయిల్‌లో, సేబర్‌లో రెండు దీపాలూ వెలిగినా ఒక్కరికే పాయింటు ఇస్తారు. దీనిని దాడి హక్కు అనుకోవచ్చు. ముందుగా దాడి మొదలుపెట్టిన వారికి హక్కు ఉంటుంది. ఎదుటివారు ఆ కత్తిని తమ కత్తితో పక్కకు తోసేస్తే హక్కు వారికి మారుతుంది. అప్పుడు వారు తిరుగు దెబ్బ వేయవచ్చు. వాదనలో ఒకరు అడిగిన దానికి జవాబు చెప్పి, ఆ తరువాతే తన ప్రశ్న వేయడం వంటిది ఇది. జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తే చెల్లదు. ఈ నియమం ఒంటబట్టిన పిల్లలు ఆటను చూసే పద్ధతే మారిపోతుంది. ఎపేలో ఈ నియమం లేదు, ఎవరు ముందు తాకితే వారికే పాయింటు.

ఆట మొదట్లోనూ చివరా ఎదుటివారికి, న్యాయనిర్ణేతకు, చూసేవారికి కత్తితో వందనం చేయడం తప్పనిసరి. తప్పు చేస్తే పసుపు కార్డు హెచ్చరిక. ఎర్ర కార్డు చూపితే ఎదుటివారికి ఒక పాయింటు. నల్ల కార్డు చూపితే పోటీ నుంచి బహిష్కరణ.

మొదటి ఆరు నెలలు

చేరిన రోజే చేతికి కత్తి ఇస్తారని పిల్లలు ఆశపడతారు. మంచి శిక్షకుడు అలా ఇవ్వడు. మొదటి వారాలన్నీ కాళ్లకే పని. ముందు కాలి పాదం ఎదుటివారి వైపు, వెనక కాలి పాదం దానికి అడ్డంగా, మోకాళ్లు కొంచెం వంచి నిలబడడం నేర్పుతారు. ఆ వంపు పోకుండా ముందుకు అడుగు, వెనక్కి అడుగు వేయాలి. ముందు కాలు పొడవుగా చాచి, వెనక కాలిని నిటారుగా నెట్టి, చేయి సాచి పొడవడం తరువాతి మెట్టు. ఇది వందలసార్లు చేయిస్తారు. తొడలు పట్టేస్తాయి. రెండు మూడు వారాలకు సర్దుకుంటాయి.

ఆ తరువాత దూరం అంచనా వేయడం నేర్పుతారు. ఫెన్సింగ్‌లో సగం విద్య ఇదే. ఎదుటివారి చేయి అందేంత దగ్గరలో ఉండకూడదు, మన చేయి అందనంత దూరంలోనూ ఉండకూడదు. ఇద్దరు పిల్లల మధ్య ఒక చేతి తొడుగును అరచేతులతో ఒత్తి పట్టించి, అది కింద పడకుండా ముందుకు వెనక్కి నడిపించడం చాలా చోట్ల చేయించే అభ్యాసం. పైసా ఖర్చు లేనిది.

అటు తరువాతే కత్తి. పట్టు, అడ్డుకోవడం, వెంటనే తిరుగు దెబ్బ వేయడం వరుసగా వస్తాయి. చిన్న పిల్లలకు పొట్టి అలుగులు ఉంటాయి. 0, 2, 5 అని సైజులు. 5 పెద్దవారిది. పదేళ్ల లోపు పిల్లకు పెద్ద కత్తి ఇస్తే మణికట్టు నొప్పి తప్ప విద్య రాదు.

ఎడమచేతి వాటం ఉన్న పిల్లలను ఈ ఆటలో ఎవరూ దిద్దరు. వారితో ఆడడం కుడిచేతి వారికి అలవాటు తక్కువ కనుక అది లాభమే అవుతుంది. ఒంటికి ఒక పక్కే ఎక్కువ పని పడుతుంది కాబట్టి రెండో పక్కకు కూడా వ్యాయామం చేయించాలి. ఆ సంగతి తెలిసిన శిక్షకుడిని నమ్మవచ్చు. కుర్చీలో కూర్చుని ఆడే వీల్‌చైర్ ఫెన్సింగ్ 1960లో రోమ్‌లో జరిగిన తొలి పారాలింపిక్స్ నుంచీ ఉంది. నడవలేని పిల్లలకు ఈ ఆట మూసిన తలుపు కాదు.

రక్షణలో పొదుపు వద్దు

1982లో రోమ్ ప్రపంచ పోటీలలో సోవియట్ వీరుడు వ్లదీమిర్ స్మిర్నోవ్ మరణానికి దారితీసిన ప్రమాదం జరిగింది. ఎదుటివారి అలుగు విరిగి, ఆ విరిగిన కొన అతని ముసుగును చీల్చుకుని పోయింది. అతడు అప్పటికి ఒలింపిక్ విజేత. ఆ సంఘటన తరువాత ముసుగుల, దుస్తుల, అలుగుల నిబంధనలు పూర్తిగా బిగించారు. నేడు ఫెన్సింగ్‌లో సాధారణంగా వచ్చే గాయాలు చీలమండ మెలిక పడడం, మోకాలి నొప్పి, తొడ కండరం పట్టేయడం వంటివే. నిబంధనలు పాటించడం వల్లనే ఆట ఇంత భద్రంగా ఉంది.

ముసుగు, చేతి తొడుగు, జాకెట్టు, దాని లోపల చంక వైపు రక్షణకు వేసుకునే అర జాకెట్టు, ఆడపిల్లలకు గట్టి ఛాతీ కవచం తప్పనిసరి. బట్ట మీద 350 లేదా 800 న్యూటన్ల గుర్తు ఉంటుంది. అది బట్ట ఎంత పోటుకు తట్టుకుంటుందో చెప్పే కొలత. పెద్ద అంతర్జాతీయ పోటీలకు 800 ఉండాలి. ముసుగు జాలీని 12 కిలోల పోటు పరికరంతో పరీక్షించే పద్ధతి ఉంది. బడిలో ఉన్న ముసుగులు పాతవైతే, జాలీ సొట్టపడి ఉంటే, తుప్పు పట్టి ఉంటే, మొహమాటపడకుండా అడగాలి. ముసుగు లేకుండా ఇద్దరు పిల్లలు కత్తులు ఎత్తుకునే చోట, సరదాకైనా సరే, మన పిల్లను ఉంచకూడదు.

విరిగిన అలుగును అరగదీసి మళ్లీ వాడడం కూడా ప్రమాదమే. డబ్బు మిగుల్చుకోవడానికి ఇతర మార్గాలు ఎన్నో ఉన్నాయి.

చెన్నై బడి నుంచి టోక్యోకు

ఈ ఆటలో మన దేశం నుంచి మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్లిన క్రీడాకారిణి మనవంటి కుటుంబంలోని ఆడపిల్లే. సి.ఎ. భవానీదేవి 1993లో చెన్నైలో పుట్టింది. పూర్తి పేరు చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీదేవి. తండ్రి అప్పటి తూర్పు గోదావరి జిల్లా సామర్లకోట నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన పురోహితుడు. తల్లి గృహిణి.

2004 ప్రాంతంలో, బడిలో ఏదో ఒక ఆట ఎంచుకోవలసి వచ్చినప్పుడు, మిగిలిన ఆటల్లో ఖాళీలు నిండిపోయాయి. మిగిలినది ఫెన్సింగ్. అలా చేరింది. కత్తులు ఖరీదైనవి, విరిగితే మళ్లీ దొరకడం కష్టం కనుక మొదట్లో వెదురు కర్రలతో సాధన చేశానని, అసలు కత్తిని పోటీలకు దాచుకునేదాన్నని ఆమె చెప్పింది. ఒలింపిక్స్‌లో మహిళల సేబర్ పోటీ తొలిసారి జరిగింది కూడా 2004లోనే, ఏథెన్స్‌లో.

14 ఏళ్ల వయసులో టర్కీలో మొదటి అంతర్జాతీయ పోటీకి వెళ్లింది. మూడు నిమిషాలు ఆలస్యంగా చేరినందుకు నల్ల కార్డు చూపి పంపేశారు. అంత దూరం ఖర్చు పెట్టుకుని వెళ్లి ఆడకుండా తిరిగి రావడం ఏ పిల్లకైనా ఎంత బాధో ఊహించవచ్చు. ఆమె ఆట మానలేదు. పదో తరగతి తరువాత కేరళలోని తలశ్శేరిలో ఉన్న భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో చేరి, శిక్షకుడు సాగర్ లాగు దగ్గర నేర్చుకుంది. చదువు ఆపకుండా అక్కడి ప్రభుత్వ బ్రెన్నెన్ కళాశాలలో డిగ్రీ చేసింది.

2009లో మలేషియాలో కామన్వెల్త్ పోటీలలో కాంస్యం, 2014లో 23 ఏళ్ల లోపు వారి ఆసియా పోటీలలో రజతం వచ్చాయి. ఆ రజతం తరువాత తమిళనాడు ప్రభుత్వం ఆమె విదేశీ శిక్షణకు ధనసహాయం చేసింది. 2015లో గో స్పోర్ట్స్ ఫౌండేషన్ వారి రాహుల్ ద్రావిడ్ పేరిట నడిచే పథకానికి ఎంపికయింది. తరువాత ఇటలీలోని లివోర్నోలో నికోలా జనోట్టి వద్ద సాధన చేసింది. 2018లో కాన్‌బెర్రాలో కామన్వెల్త్ ఫెన్సింగ్ స్వర్ణం గెలిచింది.

2021 జూలై 26న టోక్యోలో తొలి పోటీలో ట్యునీషియాకు చెందిన నాడియా బెన్ అజీజీని 15-3తో ఓడించింది. రెండో పోటీలో ఫ్రాన్స్‌కు చెందిన మానాన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. 2023లో చైనాలోని వూషీలో ఆసియా పోటీలలో అప్పటి ప్రపంచ విజేత, జపాన్ క్రీడాకారిణి మిసాకి ఎమురాను ఓడించి కాంస్యం తెచ్చింది. ఆసియా సీనియర్ పోటీలలో మన దేశానికి అది తొలి ఫెన్సింగ్ పతకం.

ఇక్కడ గమనించవలసింది పతకాల వరుస ఒక్కటే కాదు. వెదురు కర్రకు ఎవరి సహాయమూ అవసరం కాలేదు. తలశ్శేరిలో ప్రభుత్వ కేంద్రం ఆదుకుంది. విదేశీ పోటీల దశలో ప్రభుత్వం, దాతల సంస్థ ముందుకు వచ్చాయి. మధ్యలో ఎక్కడ సహాయం తెగినా ప్రయాణం అక్కడే ఆగేది.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి ఫెన్సింగ్‌లో ఎవరూ అర్హత పొందలేదు. కాబట్టి ఒలింపిక్స్ మీద లెక్క పెట్టుకుని పిల్లను చేర్పించడం తెలివైన పని కాదు. ఒంటి మీద అదుపు, ఓడినా ఎదుటివారికి వందనం చేసే పద్ధతి, నిమిషం విలువ తెలియడం, రాష్ట్రస్థాయి దాకా ఆడిన ధైర్యం వంటివి మాత్రం బడి స్థాయిలోనే దక్కుతాయి.

ఖర్చు ఎప్పుడు, దేనికి

మొదటి దశలో, అంటే సుమారు ఒక సంవత్సరం, బడి వస్తువులనే పిల్లలు పంచుకుని వాడుకుంటారు. ఇంటి నుంచి కావలసినవి మంచి బూట్లు, మోకాళ్ల దాకా మేజోళ్లు, సొంత చేతి తొడుగు. ఈ దశలో మొత్తం సరంజామా కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆగి ఆలోచించాలి.

రెండో దశలో జిల్లా, రాష్ట్ర పోటీలు. అప్పుడు సొంత ముసుగు, జాకెట్టు, కత్తి కావాలి. ఫాయిల్, సేబర్ వారికి పైన వేసుకునే లోహపు జాకెట్టు, శరీరం వెంట పోయే తీగ కూడా అవసరం. ఎపే వారికి లోహపు జాకెట్టు అక్కరలేదు కనుక ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది. పోటీలో ఒక కత్తి పనిచేయకపోతే వెంటనే రెండోది ఉండాలి కాబట్టి కత్తులు, తీగలు జతలుగా కావాలి. పిల్లలు ఎదుగుతారు, జాకెట్లు పొట్టి అవుతాయి. అందుచేత పెద్ద పిల్లల జాకెట్లను చిన్నవారికి ఇచ్చే ఏర్పాటు ఉన్న బడి ఎంతో మేలు చేస్తుంది.

మూడో దశ జాతీయ పోటీలు. ఇక్కడ వస్తువుల కన్నా రైలు ఛార్జీలు, బస, భోజనం బరువు. విదేశీ పోటీలంటే అది మరో లెక్క.

వస్తువులు ఎక్కువకాలం మన్నాలంటే కొన్ని జాగ్రత్తలున్నాయి. చెన్నై, యానాం, ఒడిశా తీరం వంటి సముద్రపు గాలి ఉన్న చోట అలుగును ప్రతిరోజూ పొడిబట్టతో తుడవాలి. లోహపు జాకెట్టును చెమట ఉప్పు తినేస్తుంది. దానిని మెషీన్‌లో వేయకుండా చేత్తో జాడించి నీడలో ఆరవేయాలి. తడి ముసుగును సంచీలో కుక్కి పెట్టకూడదు.

దాతలకు ఒక మనవి. చదువుకు సహాయమంటే ఫీజు, పుస్తకాలే మన మనసుకు వస్తాయి. ఆటలో ఉన్న పిల్లకు ఒక్కొక్కసారి రాష్ట్ర పోటీకి రైలు టిక్కెట్టు, ఒక మంచి ముసుగు అంతకన్నా అవసరం. ఒక బడికి ఇచ్చిన నాలుగు ముసుగులు ఏటా వచ్చే పిల్లలందరికీ పనికి వస్తాయి.

పోటీలు, కాగితాలు

మన దేశంలో ఫెన్సింగ్ సంఘం 1974లో ఏర్పడింది. బడి పిల్లలకు రెండు దారులు ఉన్నాయి. మొదటిది పాఠశాల క్రీడల సమాఖ్య నడిపే పోటీలు. వాటిలో 14, 17, 19 ఏళ్ల లోపు వర్గాలు. రెండోది ఫెన్సింగ్ సంఘం నడిపే వయసు వర్గాల పోటీలు. అందులో 17 ఏళ్ల లోపువారిని క్యాడెట్, 20 ఏళ్ల లోపువారిని జూనియర్ అంటారు. ఈ రెండింటి ధ్రువపత్రాలు వేరు వేరు. కళాశాల సీటుకు, ఉద్యోగానికి క్రీడా కోటాలో ఏ పోటీ ధ్రువపత్రం చెల్లుతుందో ఆ సంవత్సరపు ప్రకటనలో చూసుకుని దాచుకోవాలి. ఖేలో ఇండియా యువజన క్రీడలలో కూడా ఫెన్సింగ్ ఉంది. ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన క్రీడాకారులకు శిక్షణ ఖర్చు కాక నెలకు 10 వేల రూపాయల చేతిఖర్చు భత్యం నిర్ణయించారు. తలశ్శేరితో పాటు మహారాష్ట్రలోని ఔరంగాబాద్‌లో, అంటే నేటి ఛత్రపతి శంభాజీనగర్‌లో, పంజాబులోని పాటియాలాలో కూడా క్రీడా ప్రాధికార సంస్థ ఈ ఆట నేర్పుతోంది.

బయటి రాష్ట్రాలలో స్థిరపడిన మనవారికి ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గర. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరం పెడతారు. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అని వరుస. జనన ధ్రువపత్రంలో ఒకలా, బడి రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే వయసు వర్గం పరిశీలనలో ఇబ్బంది పడతారు. ఆరో తరగతిలోనే మూడింటినీ ఒకేలా సరిచేయించుకోవడం మంచిది. పాఠశాల పోటీలలో పిల్లలు తాము చదువుతున్న రాష్ట్రం తరఫున ఆడతారు. యానాం పిల్లలు పుదుచ్చేరి తరఫున ఆడతారు. ఎంపికలకు అంత దూరం వెళ్లవలసి వస్తే ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

చదువు మాట

వారానికి మూడు నాలుగు సాయంత్రాలు, రోజుకు గంటన్నర సాధన బడి స్థాయికి సరిపోతుంది. పోటీల కాలంలో కొన్ని పాఠాలు తప్పుతాయి. సంవత్సరం మొదట్లోనే తరగతి ఉపాధ్యాయులను కలిసి పోటీ తేదీలు చెప్పి, తప్పిన పరీక్ష ఎప్పుడు రాయిస్తారో అడిగి పెట్టుకోవాలి. పదో తరగతి ఏడు ఆట పూర్తిగా మాన్పించడం మన ఇళ్లలో అలవాటు. పూర్తిగా మాన్పిస్తే మళ్లీ మొదలుపెట్టడం చాలా కష్టం. సాధనను వారానికి రెండు రోజులకు తగ్గించి, పోటీలు వాయిదా వేసుకోవడం మధ్యే మార్గం.

పదో తరగతి తరువాత హాస్టల్ ఉన్న కేంద్రానికి పంపాలా అన్నది పెద్ద నిర్ణయం. ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు అక్కడికి స్వయంగా వెళ్లి చూడాలి. మహిళా వార్డెన్ ఉన్నారా, వైద్య సదుపాయం ఉందా, ఏ కళాశాలలో చదివిస్తారు, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి అని అడగాలి. అడిగినందుకు చిరాకు పడే చోట పిల్లను వదలకూడదు.

చేర్పించే ముందు

శిక్షకుడికి ఈ ఆటలో గుర్తింపు పొందిన శిక్షణ ఉందా? ఎంతమంది పిల్లలకు ఎన్ని ముసుగులు ఉన్నాయి? ఏ ఆయుధం నేర్పుతారు, ఎందుకు? గత ఏడాది ఎంతమంది పిల్లలు జిల్లా పోటీలకు వెళ్లారు, ఖర్చు ఎవరు భరించారు? మొదటి సంవత్సరం మేము ఏమి కొనాలి? ఈ అయిదు ప్రశ్నలకు తిన్నగా జవాబు చెప్పే బడి అయితే నిశ్చింతగా చేర్పించవచ్చు. మీ బడిలో ఈ ఆట లేకపోతే జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో అడిగితే దగ్గరలో ఎక్కడ నేర్పుతున్నారో చెబుతారు.

చేరిన పిల్లలకు ఒక్క మాట. నెల రోజులు కత్తి ఇవ్వలేదని నిరుత్సాహపడవద్దు. ఈ ఆటలో చేయి కన్నా ముందు కాలు, కాలి కన్నా ముందు కన్ను నేర్చుకుంటాయి. పోటీ రోజున గంట ముందే వెళ్లండి. మూడు నిమిషాల ఆలస్యం ఎంత ఖరీదైనదో భవానీదేవి కథలో చదివారు కదా.